పన్నెండేళ్ల తరువాత మళ్లీ బేస్‌బాల్ అంపైరింగ్: కన్ను కుదురుకునేదెలా?

నమస్కారం. పన్నెండేళ్ల క్రితం వరకు బేస్‌బాల్ అంపైరుగా ఉండేవాడిని. ఉద్యోగం, పిల్లలు, మోకాలి నొప్పి అంటూ వదిలేశాను. ఇప్పుడు ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మొన్న అటక మీది పెట్టె దించితే పాత మాస్కు, ప్లేటు (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) దులిపే బ్రష్షు, స్ట్రైకులు (బ్యాటర్‌కు వ్యతిరేకంగా లెక్కించే బంతులు) వగైరా లెక్క చూసుకునే ఇండికేటరు దొరికాయి. ఇండికేటరు చక్రం రెండు స్ట్రైకుల దగ్గర బిగుసుకుపోయింది, అచ్చం నాలాగే.

నిబంధనలు చదువుకోగలను. అమెరికా మేజర్ లీగులో 2023లో పిచ్ టైమర్ (బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం) వచ్చింది, బేసులు (పరుగు తీసేవారు తాకాల్సిన మెత్తలు) 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగాయి. నా బెంగ కళ్ల గురించే. 17 అంగుళాల ప్లేటు బయటి అంచును తాకీ తాకనట్టు వంపు తిరిగే బంతి స్ట్రైకా కాదా అని తీర్పు చెప్పగలనా? పైగా అప్పట్లో నాకొక జబ్బు ఉండేది: బంతి క్యాచర్ (బ్యాటర్ వెనుక బంతి పట్టే ఆటగాడు) గ్లవ్‌లో పడకముందే స్ట్రైకని చెయ్యెత్తేసేవాడిని.

ఇలా విరామం తరువాత తిరిగి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? కొన్నాళ్లు బేసుల దగ్గర నిలబడి, తరువాత ప్లేటు వెనక్కి వెళ్లడం మంచిదా? బంతి విసిరే పిచర్ల సాధనలో క్యాచర్ వెనుక ఊరికే నిలబడి బంతులు చూస్తే సరిపోతుందా? బెంగళూరులో అలా నిలబడనిచ్చే జట్టు తెలిస్తే చెప్పండి, ఆదివారాలు వస్తాను.