పాత కోడ్‌ను తిరగరాయాలా, సరిదిద్దుకోవాలా?

ప్రశ్న:
ఆరేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్‌పై పనిచేస్తున్నాను. అందులోని బిల్లింగ్ భాగాన్ని ఏ ఉద్దేశంతో రాశారో చెప్పగలిగినవారు ఇప్పుడు మా బృందంలో లేరు. చిన్న మార్పు చేసినా మరెక్కడో ఏదో చెడిపోతోంది. మొత్తం కొత్తగా రాయడం మంచిదేనా?

మొదటి సమాధానం:
దయచేసి తొందరపడకండి. ఆ పాత కోడ్‌లో అర్థరహితంగా కనిపించే షరతుల్లో చాలావరకు ఎప్పుడో ఎవరో వినియోగదారుడికి ఎదురైన ఇబ్బందికి పరిష్కారాలై ఉంటాయి, వాటిని చెరిపేస్తే ఆ తప్పులన్నిటినీ మళ్లీ మొదటి నుంచి కనుక్కోవలసి వస్తుంది. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాషలోని ప్రోగ్రాములు నేటికీ బ్యాంకుల్లో నడుస్తున్నాయి. నా దృష్టిలో అది గౌరవించదగిన విషయం. ముందుగా, కోడ్ ఇప్పుడు ఇస్తున్న ఫలితాలను, అవి తప్పనిపించినా సరే, ఉన్నవి ఉన్నట్టుగా నమోదు చేసే టెస్టులు రాయండి. ఆ తర్వాతే ఒక్కొక్క ఫంక్షన్‌ను (ఒక నిర్దిష్ట పని చేసే కోడ్ భాగాన్ని) మార్చండి. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలోని బ్లేమ్ ఆదేశంతో, కోడ్‌లోని ఏ వరుస ఏ కమిట్‌లో (సందేశంతో పాటు భద్రపరిచిన మార్పులో) చివరిసారి మారిందో తెలుస్తుంది. (కమిట్ సందేశాలను శ్రద్ధగా రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.)

రెండవ సమాధానం:
ఆధారపడిన సాంకేతికతకే మద్దతు ఆగిపోతే మాత్రం మార్పు తప్పదు. ఉదాహరణకు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత రూపమైన పైథాన్ 2కు 2020 జనవరి 1తో అధికారిక మద్దతు ముగిసింది. అప్పుడు కూడా భాగాలుగానే మార్చాలి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. పన్ను లెక్కించే ఫంక్షన్‌కు రేపే టెస్టులు మొదలుపెడతాను.