పీరియడ్స్ నొప్పికి చైనా కషాయం తాగొచ్చా?

చెంగ్డూ_పిల్ల:
ఇక్కడ చైనాలో, చెంగ్డూలో ఎంబీబీఎస్ మూడో ఏడు. ప్రతి నెలా మొదటి రోజు పొత్తికడుపు మెలిపెట్టేస్తుంది, ఇబుప్రోఫెన్ వేస్తే తగ్గుతుంది కానీ రూమ్మేట్ ఊరుకోదుగా, చైనా వైద్యం చేసేచోటికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ నాలుక చూసి, రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టి, గర్భసంచిలో శీతం చేరింది, రక్తం కదలట్లేదు, ఐస్ వాటర్ మానెయ్ అంది. వారానికి సరిపడా కషాయం వాళ్లే కాచి ప్లాస్టిక్ ప్యాకెట్లలో సీల్ చేసి ఇచ్చారు. ఒకటి విప్పితే రూమంతా కంపు. తాగనా, పారబోయనా?

మిరియాల_చారు:
చీటీలో మందు పేరేంటి? శీతం అంటే ఎక్కువగా షావ్‌ఫు ఝుయు థాంగ్ రాస్తారు, 1830లో వాంగ్ చింగ్‌రెన్ అనే చైనా వైద్యుడి పుస్తకంలో వచ్చిన మందుల కలయిక. సోంపు, శొంఠి, దాల్చినచెక్క, అంతా వంటింటి సరుకే అనుకునేలోపు అందులో వూలింగ్‌ఝీ కూడా తగులుతుంది. ఎగిరే ఉడుత పెంటికలు తల్లీ, నిజంగానే. అందులోనే పడే చువాన్‌శ్యొంగ్ అనే మూలిక దుంప మాత్రం మీ పక్కనున్న దూజ్యాంగ్యాన్ ఊళ్లోనే పండిస్తారు. రక్తం పారితే నొప్పి ఉండదు, ఆగితే నొప్పి, ఇదీ వాళ్ల లెక్క.

ఫార్మసీ_అక్క:
లెక్క బాగానే ఉంది, రుజువే పల్చన. 2008లో కాక్రేన్ వాళ్లు (వైద్య ట్రయల్స్‌ని కలిపి తూచి చూసే సంస్థ) పీరియడ్స్ నొప్పికి చైనా మూలికల మీద 39 ట్రయల్స్ కలిపి చూసి, ఆశ ఉంది కానీ ట్రయల్స్ సరిగ్గా చెయ్యలేదని తేల్చారు. 2016లో ఆక్యుపంక్చర్ గురించీ దాదాపు అదే మాట. నొప్పి తెప్పించేది ప్రోస్టాగ్లాండిన్లు, అంటే గర్భసంచిని బిగిసేలా చేసే రసాయనాలు, ఇబుప్రోఫెన్ ఆపేది వాటినే, అందుకే మొదలవ్వగానే వేసుకోవాలి, మెలికలు తిరిగిపోయాక కాదు. కషాయంలో దాంగ్‌గుయ్ అనే వేరు ఉంటే ఇంకో జాగ్రత్త, రక్తం పల్చన చేసే వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నువ్వు ఇబుప్రోఫెన్ వేసుకుంటున్నట్టు ఆ డాక్టరమ్మకి చెప్పావా?

గోదారి_గట్టు:
నేను గ్వాంగ్‌ఝౌలో ఉన్నప్పుడు కషాయం జోలికి పోలేదు కానీ వాళ్ల అల్లం, ఎర్ర చక్కెర టీ హాయిగా తాగేదాన్ని, మన బెల్లం శొంఠి కాఫీకి చెల్లెలే. మోక్సా కూడా చేస్తారు, మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఆకుని ఎండబెట్టి చుట్టి, ముట్టించి బొడ్డు కింద సెగ చూపిస్తారు, ఏమరుపాటుగా ఉంటే చర్మం కాలుతుంది. అంతకంటే వేడినీళ్ల సంచి నయం. వేడి పట్టీ ఇబుప్రోఫెన్‌తో సమానంగా పనిచేసిందని 2001లో ఒక ట్రయల్ కూడా వచ్చింది. సాన్‌యిన్‌జ్యావ్ అనే ఆక్యుపంక్చర్ బిందువు నొక్కి చూడు, లోపలి చీలమండ మీద నాలుగు వేళ్లు ఆనించి ఆ పైన, ఎముక వెనక అంచున ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఇంతకీ నొప్పి ఏటేటా పెరుగుతోందా? అలాగైతే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉందేమో గైనకాలజిస్టుకి చూపించుకో, నాడి పట్టుకుంటే అది దొరకదు.