మిలాజ్జో నుంచి ఏ దీవికి వెళ్తే బాగుంటుంది? అమ్మ కూడా వస్తోంది

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ చివర్లో 12 రోజులు దక్షిణ ఇటలీ వెళ్తున్నాం: నేను, మా ఆవిడ, 66 ఏళ్ల మా అమ్మ. పోయినసారి రోమ్, వెనిస్‌లలో జనం మధ్య తిరిగీ తిరిగీ విసుగొచ్చింది. అక్కడ చూసింది తక్కువ, లైన్లో నిలబడింది ఎక్కువ!

ఈసారి మతేరా అనే ఊళ్లో రెండు రోజులుండి, అక్కడి నుంచి కాస్తెల్‌మెజ్జానో అనే కొండ ఊరికి పోదామనుకుంటున్నాం. తర్వాత సిసిలీలోని మిలాజ్జో రేవు నుంచి ఏవోలియన్ దీవులకి. వాటిలో నా మనసంతా అలికూదీ అనే దీవి మీదే ఉంది. కార్లుండవు, సామాన్లు కంచరగాడిదల మీదే. కానీ ఊరంతా మెట్లే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకని సలీనా అనే ఇంకో దీవిలో బస చేసి, అలికూదీకి నేనొక్కణ్ణే పొద్దున వెళ్లి సాయంత్రానికి రాగలనా? ఆ నెలలో సముద్రం బాగాలేక పడవలు ఆగిపోతుంటాయా?

ఇంకోటి, కారు లేకుండా మతేరా నుంచి కాస్తెల్‌మెజ్జానో చేరడం ఎలా? నాకు అక్కడ కారు నడపాలంటే భయం, కుడి పక్కన పోవాలి కదా.

అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మతేరా వైపు ఎండు బీన్స్ మెత్తగా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర వేసిస్తారట, దాదాపు మన పప్పే. దీవుల్లో అలాంటిదేమైనా దొరుకుతుందా, లేక రైస్ కుక్కర్ మోసుకెళ్లాలా?

వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.