ఇనుమారా, ఇరుమారా? ట్రెడెగర్ వ్యాసానికి ఒక వేమన పాదం కావాలి

జేమ్స్‌గట్టు:
అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్‌లోని ట్రెడెగర్ ఇనుప కార్ఖానా మీద మా తెలుగు సంఘం సంచికకి వ్యాసం రాస్తున్నాను. పైన వేమన పద్యం పెడదామంటే ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. ‘ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు / కాచి యతుకనేర్చు కమ్మరీడు’ అని నాకు గుర్తు. రెండుసార్లు అనే ఆ మాట ‘యినుమారు’ అనా, ‘యిరుమారు’ అనా? అమెరికా అంతర్యుద్ధం చివర, 1865 ఏప్రిల్‌లో ఊరు తగలబడుతుంటే పనివాళ్ళు కాపలా కాసి కార్ఖానాని దక్కించుకున్నారు. అదే ఏడు, దక్షిణాది పక్షాన నిలిచిన యజమాని ఆండర్సన్‌కి క్షమాభిక్ష దొరికింది, కొలుములు మళ్ళీ రాజుకున్నాయి. విరిగి అతుక్కున్న ఇనుము కదా అని ఈ పద్యం.

ఛందోభ్రమ:
ఇనుమారే, సందేహం లేదు. ఇనుమడి, ముమ్మడి, ఇనుమారు, ముమ్మారు. జంట చూడండి ఎంత చక్కగా కుదిరిందో. ‘ఇరు’ పట్టుకుంటే ఇరుముడి దాకా, అటునుంచి శబరిమల దాకా పోవాలి.

పాతపాఠం:
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ? ఇరువురు, ఇరువైపులా లేవూ? పైగా రెండు రూపాలకీ గణం ఒక్కటే, సలం: రెండు లఘువులు, గురువు, లఘువు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ‘ఇ’కి ‘యి’, అదీ రెంటికీ చెల్లుతుంది. పద్యం ఆటవెలది, దానికి ప్రాస నియమం లేదు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించే నాటికే వేమనకి ఊరికో పాఠం.

కొలిమితిత్తి:
మీరు ‘ను, రు’ల దగ్గరే ఉన్నారు. అసలు చిక్కు ‘కాచి యతుకనేర్చు’ దగ్గర. కాచి అతికేది చేత ఇనుము, అంటే సమ్మెటతో సాగగొట్టేది. కరిగించి అచ్చులో పోసే పోత ఇనుము కొలిమిలో పెట్టి సమ్మెట వేస్తే పగులుతుంది. ఆ అంతర్యుద్ధంలో ట్రెడెగర్ కార్ఖానా పోసిన ఫిరంగులు వెయ్యికి పైనే, చాలావరకు పోతవే. ఇక అక్కడ చేసిన బ్రూక్ రకం ఫిరంగి సంగతి: గొట్టం పోత ఇనుము, వెనక మందుగుండు పేలే చోట చేత ఇనుప పట్టీలు. బండిచక్రానికి పట్టా వేసినట్టే, కాచి తొడుగుతారు, చల్లారాక బిగుసుకుంటుంది. అంటే కాచారు గానీ అతకలేదు! వేమన మాట అక్కడ చెల్లదు.

పాతపాఠం:
వేమన ఫిరంగుల గురించి చెప్పలేదు లెండి.

నల్లరేగడి:
నాకు ‘కమ్మరీడు’ దగ్గరే మనసు ఆగింది. ట్రెడెగర్‌లో ఆ కమ్మరీడు ఎవరు? 1847లో ఆండర్సన్ బానిసలకి పడ్లింగ్ పని నేర్పించబోతే తెల్ల పనివాళ్ళు సమ్మె కట్టారు. పడ్లింగ్ అంటే కొలిమిలో కరిగిన ముడి ఇనుమును కడ్డీతో కలియబెట్టి చేత ఇనుముగా మార్చడం, చాలా నేర్పు కావాలి. ఆయన సమ్మె కట్టినవాళ్ళని తీసేసి, బానిసలతో పని నడిపించుకున్నాడు. కొందరిని అద్దెకి తెచ్చుకునేవాడు, అద్దె వాళ్ళ యజమానికి. ‘అతుకనేర్చు’ అని నేర్పుని మెచ్చిన పద్యం ఆ కార్ఖానా నెత్తిన పెడుతుంటే ఈ సంగతి వ్యాసంలో ఉండాలి.

జేమ్స్‌గట్టు:
తప్పకుండా పెడతానండీ. నా ‘ను, రు’ మాత్రం తేలలేదు.

ఛందోభ్రమ:
తేలింది! ‘ఇనుము’, ‘ఇనుమారు’: మొదటి మూడక్షరాల్లో రెండు మళ్ళీ వచ్చాయి. వేమన చెవి అంత మొద్దుది కాదు, కావాలనే వేశాడు.

పాతపాఠం:
కావాలనే వేశాడో, వల్లె వేసే పిల్లల నోట అలా తిరిగిందో ఎలా చెబుతాం? రెండో పాదమే నిలకడగా లేదు. ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’ అని మా ఇంట్లో చెప్పేవారు. ఆ పాఠంలో అసలు కమ్మరీడే లేడు.

నల్లరేగడి:
చూశారా, అక్కడా తీసేశారు.

కొలిమితిత్తి:
క్రమముగాను అంటే ఎన్ని వేడులు, ఎన్నిసార్లు కాచాలి? నా లెక్కలో రెండు వేడులకి అతుకు పడాలి, మూడోది పని రానివాడికి. కాబట్టి ఇనుమారు చాలు, ముమ్మారు యతి కోసం.

ఛందోభ్రమ:
యతి ముమ్మారు మీద ఎక్కడుందండీ!