మై ఫెయిర్ లేడీ: 1956 న్యూయార్క్ మోనోనా, 1959 లండన్ స్టీరియోనా?

మొదటివరస:
మా అమ్మాయి కళాశాలలో బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' చదువుతోంది. దాని ఆధారంగా కట్టిన మ్యూజికల్ 'మై ఫెయిర్ లేడీ' వినిపించమని అడిగింది. పూలమ్మే ఎలైజాకు ప్రొఫెసర్ హెన్రీ హిగ్గిన్స్ నాగరిక ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే కథ అది. నా దగ్గర రెండు ఎల్పీలున్నాయి. ఒకటి 1956లో న్యూయార్క్ నటబృందం పాడిన మోనో (ధ్వని అంతా ఒకే చోటి నుంచి), రెండోది 1959లో లండన్ బృందంతో మళ్లీ చేసిన స్టీరియో (ధ్వని రెండు పక్కల నుంచి). హిగ్గిన్స్‌గా రెక్స్ హారిసన్, ఎలైజాగా జూలీ ఆండ్రూస్, ఆమె తండ్రిగా స్టాన్లీ హాలొవే, ఇంకా రాబర్ట్ కూట్ రెండింటిలోనూ ఉన్నారు. ప్రధానంగా పాడేవారిలో మారింది, ఎలైజాను ప్రేమించే ఫ్రెడ్డీ వేషధారి ఒక్కడే. కొత్తగా వినేవారికి ముందు ఏది పెట్టాలి?

నా ఓటు 1956కే. నాటకం మార్చి 15న మొదలైంది, రికార్డింగు మార్చి 25న, ఆదివారం నాడు, ఒక్క రోజులో ముగించారు. అప్పటికి నటులకు ప్రేక్షకులు ఎక్కడ నవ్వుతారో తెలిసింది గానీ, ఆ నవ్వు ఇంకా పాతబడలేదు. 'జస్ట్ యు వెయిట్' వినండి. జూలీ ఆండ్రూస్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. 'హెన్రీ హిగ్గిన్స్' అన్న పేరులో రెండు హకారాలూ ఎగిరిపోయి 'ఎన్రీ ఇగ్గిన్స్' అవుతుంది. ఆ హకారం పలకడం నేర్పడానికే కదా ప్రొఫెసర్ ఆమెను అంతగా వేధించింది! అతని పేరునే అలా విరిచి అతని మీదికే విసురుతుంది. 1959 నాటికి అదే పాటను ఆమె ఇంకా చక్కగా పాడింది. నాకు మాత్రం ఆ చక్కదనం అడ్డొస్తోంది. పూలమ్మే పిల్ల కోపం అంత నున్నగా ఉండకూడదు.

వాద్యగోష్ఠి:
మీ ఇష్టాన్ని గౌరవిస్తాను, కానీ ఒప్పుకోలేను. ఈ నాటకానికి వాద్య రచన చేసింది రాబర్ట్ రస్సెల్ బెన్నెట్, ఫిలిప్ లాంగ్. తీగ వాద్యాలు ఒక పక్క, పిల్లనగ్రోవులు ఇంకో పక్క మాటకు మాట అందిస్తూ ఉంటాయి. మోనోలో అవన్నీ ఒకే గుమ్మంలోంచి తోసుకువచ్చినట్టు వినిపిస్తాయి. స్టీరియో ఎల్పీలు 1958లో బజారుకు వచ్చాయి, మరుసటి ఏడాదే లండన్‌లో మళ్లీ రికార్డు చేశారు. మొదటిదానిలో వినిపించనిది వినిపించడానికే కదా ఆ శ్రమంతా.

ఇంకొక మాట. రికార్డు నాటకానికి నకలుగానే ఉండాలని ఎవరు నియమం పెట్టారు? 'పాల్ జోయి' అనే మ్యూజికల్ సంగతి చూడండి. 1940లో వచ్చిన నాటకం అది. పదేళ్ల తర్వాత, ఎక్కడా ఆడని రోజుల్లో, కొలంబియా సంస్థ స్టూడియోలో పాటలు కొత్తగా రికార్డు చేసింది. వివియెన్ సీగల్ ఒక్కరే పాత బృందం నుంచి వచ్చారు. ఆ రికార్డుకు దొరికిన ఆదరణతోనే 1952లో నాటకాన్ని మళ్లీ వేశారు, అది మొదటిసారికన్నా ఎక్కువ కాలం ఆడింది. వేదిక వేడి తెలియని రికార్డే ఆ నాటకాన్ని బతికించింది.

తెరవెనుక:
'పాల్ జోయి' ఉదాహరణ బలమైనదే. అయినా హారిసన్ దగ్గరికి వచ్చేసరికి అది పనికిరాదు. ఆయన గాయకుడు కాదు. పాటను మాటలా పలుకుతూ, అవసరమైన చోట మాత్రమే స్వరాన్ని తాకుతాడు. ఏ మాటను ఎంతసేపు ఆపాలో ఆ పూట ఆయన మనసును బట్టి ఉంటుంది. 1964 సినిమా తీసినప్పుడు ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదపడం ఆయన వల్ల కాలేదు. చివరికి నెక్‌టైలో వైర్‌లెస్ మైకు దాచి, నటిస్తూ ఉండగానే పాటలు రికార్డు చేశారు. అలాంటి మనిషిని పదో రోజున పట్టుకోవడం వేరు, దాదాపు మూడేళ్ల కాలంలో అదే వేషం ఎన్నోసార్లు వేశాక పట్టుకోవడం వేరు. లండన్ రికార్డులో ఆయన తీరుబడిగా ఉన్నాడు. హిగ్గిన్స్‌కు తీరుబడి ఎక్కడిది? నిలవనీయని చిరాకే కదా ఆ పాత్రకు ప్రాణం.

మా తాతగారి పద్య నాటకాల గ్రామఫోన్ ప్లేట్లు గుర్తొస్తున్నాయి. రాగాలాపన అంతా కోసేసి మూడు నిమిషాల్లో పద్యం ముగించేవారు. ఎంత కోసినా, ఆ గొంతులో ఊరి జాతర పందిరి వినిపించేది. నేను నటబృందం రికార్డులో వెతికేది దాన్నే.

కొత్తశ్రోత:
నాకు సినిమా ఒక్కటే తెలుసు. ఆ పాటలు సరిపోవా?

మొదటివరస:
సినిమా పాటలు బాగుంటాయి, కానీ ఎలైజా పాటలు చాలావరకు పాడింది ఆడ్రీ హెప్‌బర్న్ కాదు, మార్నీ నిక్సన్. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. మన సినిమాల్లో అది మామూలే. ఈ నాటకం అసలు గొంతు గురించిన కథ, ఉచ్చారణ మారితే మనిషి బతుకే మారుతుందన్న కథ. అందుకే రంగస్థలం రికార్డుతో మొదలుపెట్టండి.

వాద్యగోష్ఠి:
హారిసన్ విషయంలో తెరవెనుక గారి వాదన కాదనలేను. ఇన్నాళ్లూ నేను వాద్యాలు వింటూ ఆయన్ను పట్టించుకోలేదేమో. కానీ 'గెట్ మీ టు ది చర్చ్ ఆన్ టైమ్'కు మాత్రం లండన్ రికార్డే పెట్టండి. హాలొవే చుట్టూ జనం చేరి పాడుతుంటే మీ గది వెడల్పవుతుంది.

మొదటివరస:
నిన్న రాత్రి రెండూ పెట్టాం. అమ్మాయి షా పుస్తకం ఒళ్లో పెట్టుకుని వింది. 'వై కాంట్ ది ఇంగ్లిష్' దగ్గర నన్ను ఆపి సూది వెనక్కి పెట్టించింది. ఉరితీయడం గురించి చెప్పేటప్పుడు వ్యాకరణం ప్రకారం 'హ్యాంగ్డ్' అనాలి, 'టంగ్'తో ప్రాస కోసం ప్రొఫెసర్ 'హంగ్' అన్నాడట! భాషను ఖూనీ చేస్తున్నారని తిట్టే వాక్యంలోనే ఆ తప్పు. ఇన్నేళ్లు విన్నాను, నాకు తట్టనేలేదు.

హిగ్గిన్స్, ఎలైజా ఇద్దరికీ ఆమె 1956నే ఎంచుకుంది. ఫ్రెడ్డీ వీధిలో నిలబడి పాడే పాట మాత్రం లండన్‌దే బాగుందంది. మళ్లీ విన్నాను. ఆ పాట వరకు వాద్యగోష్ఠి గారి మాట నిజమే. మిగతా అంతటికీ నా ఓటు మారదు.