"సస్టెయిన్డ్ టర్న్"ను తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్తే. హనుమకొండలో పదో తరగతి పిల్లలకు యుద్ధ విమానాల గురించి తెలుగులో చెప్పాలె. సగం మంది మామునూరు పాత ఎయిర్‌స్ట్రిప్ చుట్టుపక్కల ఊళ్లోళ్లే. ఎత్తు, వడి రెండూ తగ్గకుండా విమానం చుట్టు మీద చుట్టు తిరగగలిగితే దాన్ని సస్టెయిన్డ్ టర్న్ అంటరు. స్టిక్ (పైలట్ చేతిల ఉండే కడ్డీ) బలంగా గుంజి అంతకంటే చురుగ్గా తిప్పితే ఇన్‌స్టంటేనియస్ టర్న్. ఆ చురుకు నిలవదు, వడి పడిపోతది. మొదటిదానికి "సుస్థిర మలుపు" అని ఒక దగ్గర చూసిన. నాకు ఎక్కలే. మీరేమంటరు?

కాజీపేట నుంచి ఒకరు: "సుస్థిర" వద్దే వద్దు అన్నా. విమానాల కాడ స్థిరత్వం అంటే వేరే సంగతి. మన యుద్ధ విమానం తేజస్‌ను కావాలనే అస్థిరంగ తయారుచేసిన్రు, చురుగ్గా కదలాలని. కంప్యూటర్ ప్రతి క్షణం సరిచేస్తుంటేనే అది నిలకడగ ఎగురుతది. "అస్థిర విమానం చేసే సుస్థిర మలుపు" అంటే పిల్లలు నవ్వుతరు.

కరీంనగర్ ఫిజిక్స్ సార్: ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, మాట దానంతట అదే దొరుకుతుంది. విమానాన్ని తిప్పేది రెక్క ఎత్తే బలమే. 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా తిరగాలంటే రెక్క విమానం బరువుకు రెట్టింపు మోయాలి. అది 2 జీ. 5 జీకి సుమారు 78 డిగ్రీలు ఒరగాలి. గంటకు 720 కిలోమీటర్ల వడితో 5 జీలో తిరిగితే ఒక చుట్టుకు 26 సెకన్లు పడుతుంది, వ్యాసార్ధం 830 మీటర్ల పైచిలుకు.

అసలు చిక్కు గాలి ఈడ్పుతో. ఎత్తే బలం వెంట పుట్టే ఈడ్పు ఆ బలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే వడి, అదే ఎత్తులో తిన్నగా పోయేటప్పటి కన్నా 5 జీలో ఆ భాగం స్థూలంగా 25 రెట్లు! మొత్తం ఈడ్పుకు ఇంజిన్ తోపు సరిగ్గా సరిపోయే హద్దే మీ సస్టెయిన్డ్ టర్న్. అంతకు మించి గుంజితే లోటు వడిలోంచో, ఎత్తులోంచో పూడ్చాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి తోపు తగ్గుతుంది, కనుక కింద తిరిగినంత గట్టిగా పైన తిరగలేదు. ఆఫ్టర్‌బర్నర్ (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచేది) వేస్తే హద్దు పెరుగుతుంది గానీ ఇంధనం తాగేస్తుంది.

ఇక మాట. మన పాఠ్యపుస్తకాల్లో స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం. తిరుగుతున్నంతసేపూ దిశ మారుతుంది కనుక వేగం మారుతూనే ఉంటుంది, మారనిది వడి. "వేగం తగ్గని" అని మాత్రం రాయకండి. "వడి తగ్గని మలుపు" అనండి.

జమ్మికుంట నుంచి ఒకరు: గింత పొడుగెందుకు సార్? "దమ్ము మలుపు" అంటే అయిపాయె.

అడిగినవారు: దమ్ము వినడానికి బాగుంది తమ్మీ, కానీ అర్థం తిరగబడుతది. చెడుగుడుల కూతకు పోయినోడు ఒక్కసారి పట్టిన దమ్ముతోనే ఆడాలె, అది అయిపోతది. గుంజి తిప్పినప్పుడు జరిగేది అదే, ఉన్న వడిని ఖర్చు పెట్టుడు. సస్టెయిన్డ్ టర్న్‌ల తోపు ఎప్పటికప్పుడు వస్తనే ఉంటది.

 

ములుగు నుంచి ఒక అక్క: నాకు "మలుపు" మీదనే అనుమానం. మా దిక్కు మలుపంటే తొవ్వల ఉండే జాగ. ఆకాశంల తొవ్వేది? "తిరుగుడు" అనుండ్రి.

అడిగినవారు: ఇది ఖాయం అక్కా. ఒకటి "వడి తగ్గని తిరుగుడు", రెండోది "గుంజి తిప్పుడు". మిరాజ్ 2000, తేజస్ రెండూ డెల్టా (త్రికోణం లాంటి) రెక్కలయే కాబట్టి తేడా చూపెట్టడం సులువు. వెడల్పైన రెక్కతో గుంజి తిప్పుడు జోరుగుంటది, కానీ ఆ రెక్క కొస నుంచి కొసకు పొట్టిది గనుక ఈడ్పు బాగా పెరిగి వడి తొందరగ కరుగుతది. ఏ వడి, ఏ ఎత్తు దగ్గర ఎంత తోపు మిగులుతదో పటాలు (గ్రాఫులు) గీసి విమానాలను పోల్చే పద్ధతి 1960ల్లో అమెరికాల జాన్ బాయిడ్, థామస్ క్రిస్టీ తెచ్చిన్రు. ఆ మిగులు సున్నా అయ్యే గీతే మన వడి తగ్గని తిరుగుడు.

కాజీపేట: మరి కార్నర్ స్పీడ్, అంటే అన్నిటికంటే చురుగ్గా తిప్పగలిగే వడి? "మలుపు వడి" అందామా?

ఫిజిక్స్ సార్: అనకూడదు. అక్కడ కార్నర్ అంటే పటంలో మూల. రెక్క ఇక ఎత్తలేని హద్దు గీత, విమానం చట్రం తట్టుకోలేని హద్దు గీత కలిసే చోటు. "మూల వడి" అని, పటం గీసి చూపించండి.