అప్‌డేట్: నాన్నగారితో క్రూయిజ్ ముగించుకొని అనంతపురం చేరాము

గుండెకు స్టెంట్ వేసిన, మధుమేహం కూడా ఉన్న మా నాన్నగారిని సింగపూర్ నుంచి నాలుగు రోజుల క్రూయిజ్‌కు తీసుకెళ్లవచ్చా అని గత నెల ఇక్కడ అడిగాను. క్షేమంగా తిరిగి వచ్చాము.

మీరు చెప్పినట్లు ఇన్సులిన్, మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచుకోవడం మేలైంది. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి రాత్రి భోజనాల వేళ అయింది. ఓడ కదలకముందే అత్యవసర డ్రిల్ జరిపి, ఏడు పొట్టి కూతల తరువాత ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడ గుమికూడాలో చూపించారు. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ప్రమాదానికి గురైనప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలాది మందికి ఈ డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ తరువాతే, 2015 నుంచి, బయలుదేరే ముందు గానీ బయలుదేరిన వెంటనే గానీ జరపాలన్న అంతర్జాతీయ నిబంధన వచ్చింది. గదిలో లైఫ్ జాకెట్ పట్టీ బిగించుకోవడం నాన్నగారికి మూడోసారికి గానీ కుదరలేదు.

వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు కనుక భోజనానికి ముందు సబ్బుతోనే చేతులు కడిగించాను. అయినా మూడో రోజు ఆయనకు వాంతులయ్యాయి. ఓడలోని వైద్యుడు చక్కెర పరీక్షించి, సెలైన్ ఎక్కించారు. రుసుము మాత్రం గది ఖాతాలో పడింది. రసీదులతో ప్రయాణ బీమాకు దరఖాస్తు చేశాము, సొమ్ము ఇంకా రాలేదు.